భుజం మీద చెయ్యి

షాపులో నీ పనేమిటని ఎవరైనా అడిగితే చేతులు నరకడం అని చెబుతాను. అడిగినవాళ్లు ఒక అడుగు వెనక్కి వేస్తారు. అబద్ధమేమీ కాదు. మల్కాపురం మెయిన్ రోడ్డు మీద ఫ్లెక్సీలు ప్రింటు చేసే షాపులో కంప్యూటరు ముందు కూర్చుంటాను. పుట్టినరోజులకీ, నాయకుల రాకపోకలకీ, పెళ్లిళ్లకీ అన్నిటికీ ఫ్లెక్సీలు చేస్తాం కానీ ఏడాది పొడుగునా ఆగకుండా వచ్చేవి అశ్రునివాళులే. పోయినవాళ్ల మనుషులు వచ్చి ఫోన్లో ఒక ఫోటో చూపిస్తారు. అది ఏ గృహప్రవేశంలోనో, ఎవరి పెళ్లిలోనో పదిమంది ఇరుక్కుని నిలబడి దిగిన ఫోటో అయి ఉంటుంది. అందులోంచి ఆ ఒక్క మనిషినీ కోసి బయటికి తీయాలి. వెనకాల నీలం ఆకాశం పెట్టాలి. భుజం మీద పక్కవాళ్ల చెయ్యి ఉంటే చెరిపేసి, ఆ మేరకు చొక్కా అతకాలి. పోయినవాళ్ల మీద బతికున్నవాళ్ల చెయ్యి ఉండకూడదు. అది మా షాపులో పట్టింపు. వేలి కొస మిగిలిపోయినా ఫ్లెక్సీ తిరిగి వచ్చేస్తుంది, మా ఓనరుగారు నా మీద ఎగురుతారు.

రోజంతా ఈ కోత కోసి సాయంత్రానికి మనిషి ముఖమంటేనే విసుగొచ్చేసేది నాకు. ఒకరోజు ప్రింటరు మొరాయించి పని ఆగిపోయింది. ఊరికే కూర్చోలేక, పాడైపోయిన జెరాక్స్ కాగితం ఒకటి తిరగేసి, ఎదురుగా టీ కొట్టు దగ్గర ఆటోకి ఆనుకుని నిలబడ్డ మనిషిని పెన్సిలుతో గీశాను. ముక్కు కుదరలేదు. కాళ్లు మాత్రం కుదిరాయి. ఒక కాలి మీద బరువంతా వేసి, రెండో కాలితో చెప్పు తిప్పుతూ నిలబడ్డాడతను. ఫోటోలో అయితే ఆ చెప్పు ఎవరికీ కనిపించదు. మర్నాడు మళ్లీ గీశాను. ఆ తర్వాత గీయని రోజు లేదు.

నాకు ఎవరూ నేర్పలేదు. పెద్ద గొప్పగా గీస్తానని కూడా అనను. నా పద్ధతి చిన్నది. అట్టకి క్లిప్పు పెట్టి పాడైన కాగితాలు, ఒక టూ బీ పెన్సిలు. రబ్బరు మాత్రం దగ్గరికి రానివ్వను. చెరిపే పని షాపులో చాలినంత ఉంది, ఇంటికొచ్చి కూడా చెరపాలా? తప్పు గీత పడితే పడుతుంది, పక్కనే ఇంకో గీత గీస్తాను. షాపు నుంచి వచ్చాక పొయ్యి వెలిగించే ముందు గుమ్మంలో కూర్చునేదాన్ని. పోర్టు వైపు నుంచి వచ్చే నల్ల బొగ్గు పొడి గడప మీద ఎప్పుడూ ఉంటుంది. అది తుడిచి, కూర్చుని, ఆ వేళకి వీధిలో ఎవరు దొరికితే వాళ్లని గీసేదాన్ని. నీళ్ల బిందె దించుకుంటున్నవాళ్లు, డ్యూటీ బస్సు దిగి నడుస్తూనే నిద్రపోతున్నవాళ్లు, ఫోన్లో ఎవరినో తిడుతూ పచార్లు చేసేవాళ్లు.

మా ఆయన పరవాడలో ఒక మందుల కంపెనీలో రియాక్టర్ల దగ్గర పనిచేస్తారు. ఈ ఊరివాళ్లే. నేనేమో గోదావరి నుంచి స్టీల్ ప్లాంటు పనికొచ్చిన ఇంట్లో పుట్టి, ఇక్కడే పెరిగినా మాట మాత్రం అమ్మా నాన్నలదే పట్టుకున్నదాన్ని. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. షిఫ్టు దిగి రాగానే ఆయన మొదటి మాట ఒకటే.

"ఏటే, ఇయ్యాల ఎవుడు దొరికినాడు?"

కాగితం చూపించేదాన్ని. అటూ ఇటూ తిప్పి చూసి, "ఈడి నడుం ఇలాగే ఉంటాది, సరిపోనాది," అనేవారు. అంతే మెచ్చుకోలు. నాకు అది చాలు.

ఎదురింటి అరుగు మీద ఒక పెద్దాయన కూర్చునేవారు. పోర్టులో కళాసీగా చేసి రిటైరైన మనిషి. మూటలు మోసిన మెడ కాబట్టి తల ఎప్పుడూ కాస్త ఎడమ పక్కకి ఒరిగి ఉండేది. ఆయన్ని ఎన్నిసార్లు గీశానో. ఫోన్ ఎత్తితే మాత్రం కట్టెలా బిగుసుకుపోయేవారు, తల నిటారుగా పెట్టేసేవారు. అందుకే ఆయన పోయినప్పుడు కొడుకు షాపుకి ఆధార్ కార్డు పట్టుకొచ్చాడు. అందులో ముఖం పోలీసులు పట్టుకున్న దొంగ ముఖంలా ఉంది.

"ఇది మా నాన్న కాదు," అన్నాడు ఆ కొడుకు కార్డు చూస్తూ. నాకు ఏడుపొచ్చింది. ఇంటికెళ్లి నా కాగితం తెచ్చి, స్కాన్ చేసి చూపించాను. అతను చాలాసేపు తెర మీద ఆ ఒరిగిన తలనే చూసి, "ఇదే ఎయ్యండి," అన్నాడు. మా వీధి మొదట్లో కరెంటు స్తంభానికి ఆ పెన్సిలు బొమ్మే పెద్ద ఫ్లెక్సీగా ఎక్కింది. వచ్చేపోయేవాళ్లు ఆగి చూశారు. ఎవరు గీశారని అడిగారు. నాకు నాలుగు రోజులు భూమి మీద కాళ్లు ఆనలేదంటే ఆనలేదు.

కొన్ని నెలలకి సందు మలుపులో ఇడ్లీలు వేసే ఆవిడ గుండె ఆగి పోయింది. ఆవిడనీ గీసి ఉన్నాను, పొగకి కళ్లు చికిలించి, మూత ఎత్తుతూ ఉన్నట్టు. ఈసారి వాళ్లే వచ్చి అడిగారు. ఆ బొమ్మ కూడా అదే స్తంభానికి ఎక్కింది. అక్కడితో నా కథ అడ్డం తిరిగింది.

మొదట అన్నది మా మేడ మీద వాటాలో ఉండే ఆవిడ. కుళాయి దగ్గర, నేను వింటున్నానని తెలిసే అంది.

"ఫ్లెక్సీ సాపులో పని కదేటి. ముందుగానే గీసీసి పెట్టుకుంటాది. ఎవులు పోతారో తెలిసిపోద్ది గావాల."

నవ్వులాటకే అని ఉంటుంది. కానీ ఇలాంటి మాటకి కాళ్లొస్తే ఎవరాపగలరు? వారం తిరక్కుండా వీధి వీధంతా పాకింది. నేను గుమ్మంలో అట్ట పట్టుకుని కూర్చుంటే ఆడవాళ్లు కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని పోవడం మొదలుపెట్టారు. బిందె దించుకునే మనిషి బిందె అక్కడే వదిలేసి లోపలికి పోయేది. ఒక ముసలామె అయితే నేరుగా నా ముందుకొచ్చి చేతులు జోడించింది. "మనవరాలి పెళ్లి దాకా నన్ను గీయకమ్మా, నీకు పుణ్యముంటాది."

నాకు మండింది. నా పెన్సిలుకి అంత మహత్యమే ఉంటే ముందు మా ఓనరుగారినే గీద్దునని మేడ మీద ఆవిడకి వినపడేలా అన్నాను. ఆ మాట కూడా ఊరంతా తిరిగి మా ఓనరుగారి చెవిన పడింది. ఆయన నవ్వారు కానీ, ఆ రోజు నుంచి నా చేతిలో పెన్సిలు కనిపిస్తే కుర్చీ అటు తిప్పుకుని కూర్చునేవారు. చదువుకున్నవాళ్లూ, చదువుకోనివాళ్లూ అని లేదు ఈ విషయంలో.

అందరి మీదా ఎగిరాను కానీ నా సంగతి నాకు తెలుసు. అప్పటికి మా ఆయన ముఖం నేను ఒక్కసారి కూడా గీయలేదు. మొదట్లో అయితే కారణం ఏమీ లేదు, ఆయన ఒకచోట నిలవరు కాబట్టి. కుళాయి దగ్గర మాట పుట్టాక కారణం పుట్టింది. ఆయన పనిచేసేది రియాక్టర్ల దగ్గర. ఆ పరవాడ వైపు ఎప్పుడు ఏ పేలుడు వార్త వస్తుందోనని ఇక్కడ ప్రతి ఇంట్లో ఒక చెవి అటే ఉంటుంది. నేను నమ్మను, నమ్మనుగాక నమ్మను అనుకుంటూనే, ఆయన నా ఎదురుగా కూర్చుని అన్నం తింటుంటే పెన్సిలు మెడ పైకి పోయేది కాదు. చేతులు గీసేదాన్ని. పాదాలు గీసేదాన్ని. అటు తిరిగి పడుకుంటే వీపు గీసేదాన్ని. ఆయన కుడిచేతి ఉంగరం వేలు ఎప్పుడో డ్రమ్ము మూత కింద నలిగి, గోరు దగ్గర లోపలికి వంగి ఉంటుంది. ఆ వేలు నేను ఎన్ని కాగితాల మీద గీశానో లెక్క లేదు. మెడ పైకి మాత్రం పోలేదు.

ఆయన కనిపెట్టకపోలేదు. ఒకసారి కాగితాలన్నీ తిరగేస్తూ, "మన తల ఎవుడట్టుకుపోనాడే?" అన్నారు. నేను నవ్వేసి ఊరుకున్నాను. ఆయనా నవ్వారు. మళ్లీ అడగలేదు.

ఈ గొడవంతా తెలిసి కూడా తన బొమ్మ గీయమని అడిగినవాడు ఒక్కడే. మా ఆయన షిఫ్టులోనే పనిచేసే కుర్రాడు, మా వెనక వీధిలో అద్దెకుండేవాడు. చుట్టరికం ఏమీ లేదు కానీ ఇద్దరూ ఒకళ్లనొకళ్లు బావా అనుకునేవాళ్లు. ఆ లెక్కన నన్ను అప్పా అని పిలిచేవాడు. ఈ వైపు అక్కని అప్ప అంటారు. ఆదివారం వస్తే చేపల సంచీ పట్టుకుని నేరుగా మా వంటింట్లోకే వచ్చేవాడు, "అప్పా, సేపలు తెచ్చినాను, కారం దండిగా ఎయ్యి," అంటూ.

అతనికి ఒక చిత్రమైన అలవాటు ఉండేది. ఫోటో తీస్తున్నారంటే కళ్లు మూతపడిపోయేవి. ఎంత ప్రయత్నించినా సరిగ్గా ఆ క్షణానికి రెప్పలు వాలిపోతాయి. పెళ్లి సంబంధాలు చూస్తున్నారు. ఏ ఫోటో పంపినా పెళ్లికొడుకు నిద్రపోతున్నాడేమిటని అవతలివాళ్లు అడుగుతున్నారట. ఆ ఆదివారం అన్నం తిని చెయ్యి కడుక్కుని నా ముందు కూర్చున్నాడు.

"అప్పా, నన్ను గీసిపెట్టు. కళ్లు తెరుచుకోనున్నట్టు. అదే పంపించీమంటాను అమ్మకి."

"ఇప్పుడు కాదు తమ్ముడూ. పెన్సిలు ముక్కు విరిగిపోయింది."

"సెక్కుకో. నాను కూకుంటాను."

"ఇంకోసారి గీస్తానన్నాను కదా."

అతను నా ముఖంలోకి చూసి పెద్దగా నవ్వాడు. "నీకు కూడా భయమేటి అప్పా! ఓలమ్మ, ఆ మేడ మీదావిడ మాటే నువ్వూ నమ్మేత్తన్నావా?"

కాదన్నాను. అప్పటికప్పుడు పెన్సిలు చెక్కి గీసేస్తే సరిపోయేది. కానీ అతన్నీ మా ఆయన్నీ ఒకే బస్సు తీసుకెళుతుంది. ఒకే గేటులోంచి లోపలికి పోతారు. అతని ముఖం గీయడానికి నా చెయ్యి రాలేదు. మా ఆయన అతని వీపు మీద చరిచి, "రా బావా, టీ తాగొద్దాం," అని తీసుకుపోయారు.

కొన్నాళ్ల తర్వాత ఒక రోజు షాపులో ఏదో కాలేజీ ఫ్లెక్సీ చేస్తున్నాను. మధ్యాహ్నం దాటింది. ఫోన్లో ఎవరో వీడియో పంపారు. పొగ. కింద పరవాడ అని రాసి ఉంది. ఆ వెనకే ఇంకో వీడియో వచ్చింది, అందులో గేటు కనిపించింది. ఆయన ఎక్కే బస్సు ఆ గేటు ముందే నిలబడి ఉంది.

ఫోన్ చేశాను. స్విచ్చాఫ్. కంగారు పడాల్సిన పని లేదు, లోపలికి ఫోన్లు తీసుకుపోనివ్వరు, గేటు దగ్గర పెట్టెలో పెట్టేసి పోతారు, డ్యూటీ రోజున ఎప్పుడు చేసినా స్విచ్చాఫే. తెలుసు. అయినా చేస్తూనే ఉన్నాను. కంపెనీ నంబరు ఎత్తలేదు. ఓనరుగారు ఇంటికి వెళ్లమ్మా అన్నారు. ఇంటికి వెళ్లి ఏం చేయను, గోడలు చూస్తూ కూర్చోనా? అటు బస్సులు ఆపేశారట, ఆటోవాళ్లూ రానన్నారు. షాపులోనే కూర్చున్నాను.

చేతులు ఊరుకోలేదు. కాగితం తీశాను. ఆయన్ని గీయాలనిపించింది. ఇప్పుడే, ఈ నిమిషమే గీయాలి, గీస్తే వస్తారు అనిపించింది. నాకు మతి పోయిందనుకోండి. గీస్తే పోతారని ఇన్నాళ్లూ భయపడినదాన్ని, గీస్తే వస్తారని ఎలా అనుకున్నానో నాకే తెలియదు. చెయ్యి వచ్చింది. ఆ వంకర వేలు మొదటి గీతకే వచ్చింది. మణికట్టు, మోచెయ్యి, భుజం, మెడ. అక్కడ ఆగిపోయింది. ముక్కు ఎటు వాలుతుంది? కనుబొమల మధ్య ఎంత దూరం? మీసం చివర కిందకి దిగుతుందా, పక్కకి పోతుందా? ఇన్నేళ్లు ఎదురుగా కూర్చుని తిన్న మనిషి. వీధిలో పోయే ప్రతివాడి ముక్కూ నా చేతికి తెలుసు. ఈయన ముక్కు తెలియలేదు.

ఫోన్లో ఆయన ఫోటోలు ఎన్ని కావాలంటే అన్ని ఉన్నాయి. తెరవలేదు. ఫోటో తెరిస్తే నా కన్ను దానంతటదే అంచు వెతుకుతుంది. పక్కవాళ్లని తీసేసి, వెనకాల నీలం ఆకాశం పెట్టేస్తుంది. అది నా పని, ఆపుకోలేను. ఫోన్ బోర్లా పెట్టి, తల లేని ఆ కాగితం ముందు కూర్చున్నాను.

పొద్దు వాలే వేళకి ఆయన ఎవరి ఫోన్ నుంచో చేశారు. "నాను బానే ఉన్నాను. ఇంటికెల్లు." అంతే. ఆయన ఇంటికి వచ్చేసరికి వీధిలో దీపాలు పెట్టారు. బట్టల నిండా ఏదో మందు వాసన, కళ్లు ఎర్రగా ఉన్నాయి. గడప మీదే కూలబడ్డారు. నేను చెయ్యి పట్టుకున్నాను, ఆ వంకర వేలు తడిమి చూసుకున్నాను.  మంచినీళ్లు ఇస్తే తాగలేదు.

"ఆడు పోనాడే," అన్నారు కాసేపటికి. "నానెల్లాల్సిన బ్లాకుకి ఆడెల్లినాడు. బావా, నువ్వుండు, నానెల్తాను అన్నాడు. ఎల్లిపోనాడు."

నేను ఏడిచాను. ఆయన ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని ఎదురుచూశాను. గీయనివాడు పోయాడు, చూశారా అని ఆ మేడ మీద ఆవిడ తలుపు కొట్టి అరవాలనిపించింది. కళ్లు తెరుచుకున్నట్టు గీసిపెట్టమని అడిగాడు. గీయకుండా ఉంటే కాపాడినట్టే అనుకున్నాను. నా పెన్సిలుకి చంపే శక్తీ లేదు, ఆపే శక్తీ లేదు. అది తెలియడానికి ఒక మనిషి పోవాలా?

మర్నాడు మధ్యాహ్నం ఆ కుర్రాడి మేనమామ షాపుకి వచ్చాడు. ఊరి నుంచి బస్సులో వచ్చిన మనిషి, చేతిలో ఇంకా టిక్కెట్టు ఉంది. వెంట మా ఆయన ఉన్నారు.

"మా ఓడికి కళ్లు తెరుచుకున్న ఫోటో ఒక్కటీ లేదమ్మా," అన్నాడాయన. "ఎన్ని సూసినా కళ్లు మూసుకునే ఉన్నాడు. అలాగ ఎలాగ ఎత్తాం?"

మా ఆయన ఫోన్ తీసి నాకొక ఫోటో పంపారు. ఆయుధ పూజ రోజు ప్లాంటులో తీసుకున్నది. షిఫ్టులో వాళ్లందరూ బొట్లు పెట్టుకుని వరసగా నిలబడ్డారు. ఆ వరసలో అతను కళ్లు పెద్దవి చేసుకుని, నవ్వు ఆపుకుంటూ ఉన్నాడు. పక్కన మా ఆయన ఉన్నారు. ఆయన చెయ్యి అతని భుజం మీద ఉంది.

నా పని నేను మొదలుపెట్టాను. అంచు కోసుకుంటూ పోయాను. పక్కన మా ఆయన ముఖం పోయింది. వెనకాల గోడ పోయింది. నీలం ఆకాశం వచ్చింది. చివరికి ఆ చెయ్యి ఒక్కటి మిగిలింది. భుజం మీద, మోచెయ్యి దాకా తెగి, ఉంగరం వేలు లోపలికి వంగి.  అది ఉంచితే అశ్రునివాళి ఫ్లెక్సీ మీద నా మొగుడి చెయ్యి ఉన్నట్టు. చెరిపితే నా చేత్తో నేనే ఆయన్ని చెరిపినట్టు.  ఓనరుగారు వెనక నుంచి చూసి, "చెయ్యి తీసెయ్యమ్మా, ఇంకా అలా ఉంచావేం," అన్నారు.

ఒక వేలు చెరిపాను. అప్పుడు మా ఆయన ముందుకొచ్చారు.

"తియ్యకు. ఉంచీ."

"ఉంచకూడదండీ," అన్నాను. 

"ఆడి కళ్లెందుకు తెరుచుకున్నాయనుకున్నావు? ఫోటో తీసేటప్పుడు నానే భుజం గట్టిగా నొక్కినాను. తెరవరా బావా అని. నొక్కితే తెరిసినాడు." తెర మీద తన చేతిని చూపించారు. "నా సెయ్యి తీసీత్తే మళ్లీ మూసీసుకుంటాడే."

అని అక్కడే, షాపు మధ్యలో, ప్రింటరు పక్కన నిలబడి ఏడ్చారు. నిన్నటి నుంచి ఏడవని మనిషి. ఓనరుగారు ఇబ్బందిగా మేనమామ వైపు చూశారు. మేనమామ తెర దగ్గరికి వచ్చి, ఆ తెగిన చేతిని చూశాడు.

"ఉండనీండి బాబూ," అన్నాడు. "ఒక్కడే ఎందుకు, ఎవులో ఒకరి సెయ్యి ఉండనీండి."

చెరిపిన వేలు వెనక్కి తెచ్చాను. ఆ ఫ్లెక్సీ మా వీధి మొదట్లో అదే స్తంభానికి ఎక్కింది. నేను షాపులో చేరాక భుజం మీద చెయ్యి ఉన్న అశ్రునివాళి అదొక్కటే. అందరూ ఆగి చూశారు. ఆ చెయ్యి ఎవరిదని అడిగినవాళ్లు ఉన్నారు, అరిష్టమని తిట్టినవాళ్లు ఉన్నారు.  పెద్దకర్మ అయిన మర్నాడు మేడ మీద ఆవిడ వచ్చి నా చేతికి టిఫిను గిన్నె ఇచ్చి, నా ముఖం చూడకుండా వెళ్లిపోయింది. ఆవిడ మొగుడిదీ పరవాడలోనే పని.

కంపెనీ కొన్నాళ్లు మూసి మళ్లీ తెరిచారు. ఆయనకి డ్యూటీకి రమ్మని కబురొచ్చింది. వద్దండీ, ఇంకెక్కడైనా చూసుకోండి అని పోరాను. "ఎక్కడ సూసుకోమంటావు?" అన్నారు.  

మొదటి రోజు పొద్దున్న ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే అట్ట తీసి ఎదురుగా కూర్చున్నాను.

"కూర్చోండి."

ఆయన నా చేతిలో పెన్సిలు చూశారు, నా ముఖం చూశారు. "సేతులేనా?"

"ముఖం."

కుర్చీ లాక్కుని కూర్చున్నారు. గీస్తున్నంతసేపూ నాకు భయమే. ఏదో తప్పు చేస్తున్నట్టే ఉంది. కనుబొమల మధ్య దూరం, మీసం చివర, ఆ రోజు నాకు తెలియని ముక్కు. ముక్కు ఎడమకి వాలుతుంది. బాగా కాదు, కొంచెం. ఇన్నాళ్లూ చూడలేదు. గీసుకుంటూ పోతే బొమ్మ దాదాపు అయిపోవచ్చింది, ఆయనలాగే ఉంది. అక్కడ చెయ్యి ఆపేశాను.

బస్సు హారన్ వినపడింది. ఆయన లేచి నా వెనక్కి వచ్చి, కాగితం చూశారు.

"బానే ఉన్నాది. సెవేదే? ఒక సెవి గీసినావు, ఇంకోటి ఒగ్గీసినావు."

"టైము చాలలేదు."

 అర్థమైందో లేదో నాకు తెలియదు. టిఫిను డబ్బా తీసుకుని, చెప్పులేసుకుని, గడప దాటి వీధిలోకి దిగారు. స్తంభం దగ్గర ఒక్క క్షణం ఆగి తల పైకెత్తి చూసి, మళ్లీ నడిచారు.

ఇప్పుడు రోజూ పొద్దున్న ఆయన్నే గీస్తున్నాను. ఒకరోజు చెవి ఉండదు, ఒకరోజు కనుబొమ, ఒకరోజు చొక్కా కాలరు. వచ్చాక కూర్చోబెట్టి అది పూర్తి చేస్తాను, అప్పుడు పొయ్యి వెలిగిస్తాను. ఆ మొదటి రోజు మాత్రం గుమ్మంలో నిలబడి, బస్సు ఎక్కబోతున్న మనిషిని వీధి అంతా తిరిగి చూసేలా కేకేశాను.

"చెవి సాయంత్రం గీస్తాను. వచ్చెయ్యండి."